మూరెడు ఎత్తు నుంచి పోసిన కాఫీ

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి తల్లీ, చాప మీద చోటుంది. నా గొంతు ఇప్పుడు పెద్దగా లేవదు, దూరంగా కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి. కాఫీ సంగతి చెప్తాను. ఈ రోజుల్లో కాఫీ ఎవరికి కొత్త? నా చిన్నప్పుడు, ఆ పెద్ద యుద్ధం జరిగే రోజుల్లో, మా గూడెంలో కాఫీ అంటే తాగేది కాదు, వినేది. చెప్పేవాడు మా అయ్య.

మా ఊరు గురజాలకు నాలుగు మైళ్లు, రోడ్డు పక్కనే. ఊరికి ఎడంగా, నాపరాళ్లు తేలిన దిబ్బ మీద మా గూడెం. ఊరి బావిలో మేము చేద వేయకూడదు. ఎవరైనా తోడి పోస్తే కడవ పట్టుకోవాలి. ఆ ఒక్క మాట చెప్తే చాలు, మిగతాది మీకే తెలుస్తుంది.

యుద్ధంలో పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు బిగించారు. నిలువెత్తు ఇనప పీపా ఉండేది. దాంట్లో బొగ్గులు పోసి, నిప్పు పెట్టి, పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పితే గాలి కొట్టి, బొగ్గు రాజుకుని, ఆ గ్యాసుతో బస్సు నడిచేది. ఆ వేడికీ మసికీ ఎవరూ రాకపోతే మా అయ్యను పెట్టుకున్నారు. మాచర్లలో బయలుదేరి, గురజాల, పిడుగురాళ్ల మీదుగా నరసరావుపేట. మేమందరం దాన్ని పేట అనే అంటాం. ఒక రోజు పోవడం, మర్నాడు రావడం. బస్సు యజమాని మా అయ్యకు ఒక కాకీ చొక్కా ఇచ్చాడు. మా గూడెంలో చొక్కాకు జేబులుండటం అదే మొదలు.

ఆ దారిలో మూడు ఊళ్లలో మూడు కాఫీ హోటళ్లు ఉండేవి. మూడూ ఒకే ఇంటివాళ్లవి. కన్నడ దేశం నుంచి వచ్చిన ముగ్గురు అన్నదమ్ములు పేటలో ఒకడు, గురజాలలో ఒకడు, మాచర్లలో ఒకడు పెట్టుకున్నారు. మూడింటికీ ఒకే ఆకుపచ్చ తలుపులు, ఒకే రకం బోర్డు. బస్సు మూడు చోట్లా ఆగేది. బోర్డు ఒకటే గానీ కాఫీ ఒకటి కాదని మా అయ్య చెప్పేవాడు.

తిరిగొచ్చే రోజు మాచర్లలో బస్సు పెట్టేసి, ఎదురొచ్చే బండెక్కి పొద్దువాలే వేళకు అయ్య ఇంటికొచ్చేసరికి మా వాకిట్లో నలుగురైదుగురు చేరి ఉండేవాళ్లు.

"ఏంది బావా, ఇయ్యాల ఏ ఊరి కాఫీ?"

"పేటదిరా. కోర్టు కాఫీ."

"కోర్టు కాఫీ అంటే ఏంది?"

"గెలిచినోడూ తాగుతాడు, ఓడినోడూ తాగుతాడు. ఇద్దరూ వాయిదాకి మళ్లా వచ్చి తాగుతారు. కాఫీ హోటలోడే ఎప్పుడూ గెలిచేది."

పేట కాఫీ అణా. మూడింట్లోకీ అదే ప్రియం. ప్లీడరు గుమాస్తాలు, పత్తి బేరగాళ్లు తాగేది గనక అట్లా ఉండేది. గింజలు అక్కడే వేయిస్తారట, వాసన కోర్టు గేటు దాకా కొడుతుందట. గురజాల కాఫీ మూడు కానులు, అంటే ముప్పాతిక అణా. అక్కడి పాలు మంచివి, పత్తిగింజలు తినే గేదెల పాలు, మీద మీగడ కడుతుంది. నీళ్లు మాత్రం నాపరాతి బావి నీళ్లు. ఆ నీళ్లలో పప్పే ఉడకదు, ఇంక కాఫీ ఏం దిగుతుంది? నాలుక మీద సున్నం రాసినట్టు ఉంటుంది. అయినా తాలూకా కచేరీకి వచ్చినవాడికి వేరే దిక్కు లేదు. మాచర్ల కాఫీ అర్ధణాయే. పంచదార కరువొచ్చాక బెల్లంతో కాచేవాళ్లు. పలచన, కానీ గ్లాసు నిండా పోస్తారు. రాళ్లు కొట్టేవాళ్లు, ఏరు దాటి నైజాం వైపు నుంచి వచ్చేవాళ్లు దాన్నే తాగేవాళ్లు. మాచర్లలో ఒక సాయిబు చాయ్ కొట్టు కూడా ఉండేది. దాని సంగతి మా అయ్య ఎప్పుడూ ఎక్కువ చెప్పలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. మా గూడెం నోరు తెరుచుకుని విన్న మాట ఇంకొకటి ఉంది. మా అయ్య ఆ హోటళ్లలో లోపలికి పోయి, రాతి పలక పరిచిన బల్ల ముందు కూర్చుని తాగుతాడు. కాకీ చొక్కా వేసుకున్నోడిని కులం అడగరంట. బస్సులో అందరూ పక్కపక్కన కూర్చున్నప్పుడు హోటల్లో ఎందుకు కూర్చోరు అని మా అయ్య అంటే, నిజమే కదా అని మా అమ్మ అనేది. లోపల నిలువుటద్దాలు, దేవుళ్ల పటాలు, పటాలకు కాగితం పూల దండలు. పేటలో అయితే కాఫీ మూరెడు ఎత్తు నుంచి పోస్తారు. తాడు వేలాడినట్టు దిగుతుంది. ఒక్క చుక్క కింద పడదు. గ్లాసు మీద నాలుగు వేళ్ల నురగ నిలుస్తుంది.

మా పెదనాన్న కొడుకు ఒకడుండేవాడు, వాడికి మాట ఆగదు. "బాబాయ్, ఆ చొక్కా ఒక్క పూట ఇయ్యి. పోయి తాగొత్తా" అన్నాడు.

"నీ పొట్టకి నా చొక్కా చాలదురా. బొత్తాం ఊడి కాఫీలో పడిద్ది."

అందరూ నవ్వారు. మా అమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది.

మా అమ్మ కాఫీ హోటలు ముఖం చూడలేదు. మిరప కోతకు, పత్తి తీతకు, సున్నపు రాళ్లు మోయడానికి పోయేది. కానీ మా అయ్య చెప్పినదాన్ని బట్టి ఆ మూడు కాఫీలూ ఇంట్లో కాచేది. మా ఇంట్లో కాఫీ గింజ ఎక్కడిది? జొన్నలు మాడేదాకా వేయించి, రోట్లో దంచి, మేక పాలు, బెల్లం కలిపేది. మాచర్లది అయితే నీళ్లు ఎక్కువ పోసేది. గురజాలది అయితే పాలు చిక్కగా కాచి, "సున్నం మీ నోట్లో మీరే వేసుకోండి" అనేది. పేటది అయితే మాత్రం తిరగేసిన కొయ్య రోటి మొద్దు మీద ఎక్కి నిలబడి, చెయ్యి పైకెత్తి, కింద మా అయ్య పట్టుకున్న చెంబులోకి ధార కట్టేది.

"ఇంకా ఎత్తు" అని పిల్లలం అరిచేవాళ్లం.

ఒకసారి ధార తప్పి పక్కింటి ముసలమ్మ మీద పడింది. మేము ఆమెను జేజి అని పిలిచేవాళ్లం. "ఏమే, నన్ను పేట కాఫీతో తలంటుతున్నావేందే" అని ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, వేలు నాకి, "బెల్లం తక్కువ" అంది.

మా అయ్య కింద కూర్చుని ఆ ధార వంక చూస్తూ నవ్వేవాడు కాదు. ఎందుకు నవ్వడో నాకు తరవాత తెలిసింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు కళ్లు పుసులు కట్టి తెరవలేకపోతే, మందు వేయించడానికి అయ్య నన్ను బస్సులో పేటకు తీసుకుపోయాడు. మందు వేయించాక మర్నాటికి కళ్లు విచ్చుకున్నాయి. తిరిగొచ్చేటప్పుడు కోర్టు వీధిలో ఆకుపచ్చ తలుపుల ముందు బస్సు ఆగింది. డ్రైవరు, జనం అందరూ లోపలికి పోయారు. మేమూ పోతామని నేను లంగా దులుపుకున్నాను. అయ్య సీటు కింది నుంచి మా ఇత్తడి చెంబు తీసి, హోటలు పక్క సందులోకి నడిచాడు. అక్కడ వంటింటి కిటికీ, కింద మురుగ్గాలవ ఉంది. కిటికీ అరుగు మీద డబ్బులు పెట్టి వెనక్కి తగ్గాడు. లోపలి మనిషి ఆ డబ్బుల మీద నీళ్లు చల్లి తీసుకున్నాడు. తరవాత జగ్గు తెచ్చి కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి, పైనుంచి పోశాడు. మా అయ్య వంగి, చెంబు కిందికి పెట్టి పట్టాడు. ధార తాడులాగా దిగింది. నురగ లేచింది.

జగ్గు చెంబుకు తగలకూడదని అంత ఎత్తు.

"అయ్యా, లోపలికి పోమా?" అన్నాను.

"లోపల ఖాళీ లేదులే."

"ఖాళీగానే ఉంది. నేను చూశా."

ఆయన చెంబు నాకిచ్చి తాగమన్నాడు. నేను తాగుతుంటే గోడ వైపు చూస్తూ అన్నాడు. "మీ అమ్మకి చెప్పమాక. ఆమె ఆ మొద్దు ఎక్కి పోత్తా ఉంటే ఎంత కులాసాగా ఉంటదో చూశావుగా."

తిరుగు ప్రయాణంలో మిగతా రెండు చోట్లా చూశాను. గురజాలలో గోడ గూట్లో ఒక సొట్ట గ్లాసు విడిగా పెట్టి ఉంది, మనమే కడుక్కుని మనమే పెట్టాలి. బస్సు మాచర్ల దాకా పోవాలి గనక నేనూ పోయాను. అక్కడ పెరట్లో కొబ్బరి చిప్ప. ధరలు మాత్రం లోపలివాళ్లకు ఎంతో మాకూ అంతే. మాచర్లలో అయ్య ఆ చిప్ప ముట్టలేదు. నన్ను సాయిబు చాయ్ కొట్టుకు తీసుకుపోయాడు. సాయిబు, "రా తమ్ముడూ, ఎవరీ పిల్ల, నీ బిడ్డా?" అని చెక్క బల్ల మీద కూర్చోబెట్టి, అందరి గ్లాసుల్లోనే మాకూ పోశాడు. ఆ మూడు ఊళ్లలో మా అయ్య కూర్చుని తాగింది ఆ ఒక్క చోటే. చాయ్ అంటే మా గూడెంలో ఎవరికీ గొప్ప కాదు కాబట్టి అది ఇంట్లో చెప్పలేదు. చెప్పుకోదగిన చోట కూర్చోనివ్వలేదు, కూర్చోనిచ్చిన చోటు చెప్పుకోలేదు.

నేను అమ్మకు చెప్పలేదు. ఆ తరవాత అమ్మ మొద్దు ఎక్కినప్పుడల్లా నేను మేకల దగ్గరికి పోయేదాన్ని.

మరుసటి ఏడు అమ్మకు కాన్పయి, బిడ్డ నిలవలేదు. అమ్మకు కాళ్లు వాచాయి, మొహం వాచింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. నాటు మందులు అయ్యాక, పేట ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. బస్సు యజమాని అమ్మకూ నాకూ టిక్కెట్టు అడగలేదు, ఆ మాట చెప్పుకోవాలి.

బయలుదేరే ముందు రోజు అమ్మ తన ఎర్ర చీర ఉతికి ఆరేసింది.

"ఆసుపత్రికి పాత చీర చాల్లేవే" అన్నాడు అయ్య.

"ఆసుపత్రికి కాదు. హోటలుకి. వచ్చేటప్పుడు ఆ పేట కాఫీ ఒక్కసారి కూర్చుని తాగుదాం. మళ్లా ఎప్పుడు పోతానో యాడ పోతానో." మళ్లా తనే నవ్వి, "కాకీ చొక్కా పెళ్లానికి చోటియ్యరా ఏంది?" అంది.

గూడెం అంతా వినింది. జేజి వచ్చి, "బల్ల మీద చెయ్యి పెట్టి చూడవే, రాయి చల్లగా ఉంటదో లేదో నాకు చెప్పు" అని అడిగింది. అయ్య ఆ పూట అన్నం తినలేదు. హోటల్లో అమ్మను కూర్చోబెట్టడం ఆయన చేతిలో లేదు. ఇంతకాలం చెప్పింది అబద్ధమని, వాచిన కాళ్లతో చీర ఉతుక్కుంటున్న మనిషికి చెప్పడం ఎట్లా?

ఆసుపత్రిలో డాక్టరమ్మ గుండెల మీద గొట్టం పెట్టి చూసింది. అయ్యను పక్కకు పిలిచి, ఉప్పు మానిపించమని, బరువు మోయనియ్యవద్దని, ఏది అడిగితే అది పెట్టమని చెప్పింది. ఏది అడిగితే అది పెట్టమన్నారంటే ఏమిటో మా అయ్యకు తెలుసు. బయటికి వచ్చి బొగ్గు మసి చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

మర్నాడు తిరుగు బస్సు హోటలు ముందు ఆగింది. అమ్మ నా భుజం పట్టుకుని దిగి, ఆకుపచ్చ తలుపుల వంక చూసి కొంగు సర్దుకుంది.

"ఆడోళ్లు పోరు ఇక్కడికి" అన్నాడు అయ్య.

అదే సమయానికి జట్కా దిగిన ఒక పెద్దింటావిడ భర్త వెనకాలే లోపలికి పోయింది. పక్కన పరదా కట్టిన గది కనబడుతూనే ఉంది.

"ఆమె పోయిందిగా" అంది అమ్మ.

నాకు ఏడుపొచ్చి, "లోపల పొగ అమ్మా, నీకు ఆయాసం వత్తది" అన్నాను. పదేళ్ల పిల్లకు తోచిన అబద్ధం అది. అమ్మ నా వంక చూసింది, ఆయన వంక చూసింది. ఆయన చేతిలో అప్పటికే చెంబు ఉంది. లోపల కూర్చుని తాగేవాడికి చెంబు ఎందుకు?

"సరే" అంది అమ్మ. "నువ్వు తాగే కాడికే తీసకపో."

సందులోకి మెల్లగా నడిచాం. మూడుసార్లు ఆగింది, ఆయాసం తీర్చుకుంది. అయ్య డబ్బులు అరుగు మీద పెట్టాడు. లోపలి మనిషి నీళ్లు చల్లాడు. జగ్గు బయటికి వచ్చింది. వాడు చెడ్డవాడని నేను చెప్పను, రోజూ చూసే మనిషే గనక నవ్వుతూనే అన్నాడు. "కిందికి పట్టు, ఇంకా కిందికి. తగలనియ్యమాక."

మూరెడు ఎత్తు నుంచి ధార దిగింది. ఒక్క చుక్క కింద పడలేదు.

అమ్మ ఆ ధార పైకొస నుంచి కిందికొస దాకా చూసింది. నేను అమ్మ మొహం చూశాను. కోపం లేదు. వాచిన ఆ మొహంలో ఏం కదిలిందో చెప్పే మాట ఇన్నేళ్లకూ నాకు దొరకలేదు. గోడ వారన నాపరాయి ఒకటి పడి ఉంటే దాని మీద కూలబడింది. అయ్య చెంబు అందించాడు. ఊదుకుని ఊదుకుని సగం తాగింది.

"ఎట్టుంది?" అన్నాడు అయ్య. అడగాలని కాదు, ఊరుకోలేక.

"బాగుంది. మన జొన్నలకంటే చేదు ఎక్కువ." చెంబు ఆయనకిచ్చింది. "తాగు, చల్లారిద్ది."

ఆయన తాగలేకపోయాడు. నాకిచ్చాడు. నాకూ దిగలేదు. పారబోయడానికి మనసు రాక చెంబుతోనే ఇంటికి తెచ్చాం.

ఆ రోజు మాచర్ల దాకా పొయ్యి పని డ్రైవరుకు అప్పగించి, అయ్య కూడా మాతోనే దిగాడు. గూడెంలో దిగేసరికి అందరూ మా వాకిట్లో ఉన్నారు. అమ్మను మంచం మీద కూర్చోబెట్టీ పెట్టకముందే జేజి అడిగింది.

"కూర్చున్నావటే?"

అయ్య గడప దగ్గర నిలబడిపోయాడు.

"కూర్చున్నా జేజీ" అంది అమ్మ.

"రాయి చల్లగా ఉందా?"

"చల్లగా ఉంది."

"అద్దాలో?"

అద్దాలు, పటాలు, కాగితం పూలు, పరదా గది, జట్కా దిగిన పెద్దింటావిడ. మా అయ్య ఇన్నేళ్లూ చెప్పినవన్నీ ఒక్కటి వదలకుండా చెప్పింది, పైగా రెండు తనవి కలిపింది. ఆయాసంతో ఆగి ఆగి చెప్పింది. "మీ బావ ఎదురు బల్ల కాడ కూర్చున్నాడు, పిల్ల నా పక్కన" అంది. మా పెదనాన్న కొడుకు నోరు కూడా ఆ రోజు మూతబడింది. అయ్య పెరట్లోకి పోయి మేకకు పెట్టిన మేతనే మళ్లీ పెట్టాడు.

ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్య ఆ మాట రాలేదు. నేను విన్నంతలో రాలేదు. అమ్మ ఓపిక ఉన్నప్పుడు జొన్నల కాఫీ కాచేది. మొద్దు ఎక్కలేదు. చెంబును చెంబుకు ఆనించి పోసి, ఆయన చేతిలో పెట్టేది. నురగ రాలేదని పిల్లలం ఎవరమూ అడగలేదు.

మిరప కోతలు మొదలయ్యే రోజుల్లో, ఒక ఉదయం, అమ్మ పోయింది.

మా వైపు ఆడవాళ్లు శవం దగ్గర కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. పోయిన మనిషి ఏం చేసింది, ఏం పెట్టింది, ఏం చూసింది, వరసన చెప్పుకుంటూ ఏడుస్తారు. జేజి మొదలుపెట్టింది. మిరప కోతలో ముందు సాలు నడిచిన తల్లీ అంది. అడగనిదే గంజి పోసిన తల్లీ అంది. తరవాత, "పేట హోటల్లో రాతి బల్ల కాడ దొరసానిలా కూర్చుని కాఫీ తాగిన తల్లీ" అంది. మిగతా ఆడవాళ్లు అందుకున్నారు.

అయ్య పాడె కట్టే వెదుళ్ల దగ్గర ఉన్నాడు. కత్తి కింద పెట్టి వచ్చాడు.

"కూర్చోలా" అన్నాడు.

ఏడుపు ఆగింది.

"ఆమె కూర్చోలా. నేనూ ఎప్పుడూ కూర్చోలా. మురుగ్గాలవ పక్కన చెంబు పట్టుకుని తాగుతా నేను. ఆమె కూడా అట్టాగే తాగింది. మీకు చెప్పిందంతా నా కోసం చెప్పింది. ఆ మాటతో పంపించమాకండి దాన్ని."

అందరి ముందూ చెప్పాడు. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. మా పెదనాన్న కొడుకు వచ్చి ఆయన వెనక కూర్చున్నాడు, వీపు మీద చెయ్యి వేశాడు.

జేజి ముక్కు చీదుకుంది. "కూర్చోకపోతే ఏందిరా? మా అందరిని కూర్చోబెట్టిందిగా" అంది. మళ్లీ రాగం ఎత్తుకుంది. రాగంలోంచి రాతి బల్ల మాట తీసెయ్యలేదు. అదే మాట, అట్లాగే, దొరసానిలా అని కూడా.

యుద్ధం అయిపోయాక పెట్రోలు వచ్చింది, బొగ్గు పొయ్యిలు ఊడదీశారు. అయ్య పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు కూలికి పోయాడు. మసి పోయి సున్నం వచ్చింది ఆయన చేతులకు. కాఫీ గురించి ఇంకెవరూ ఆయన్ని అడగలేదు, ఆయన చెప్పలేదు. కొన్నేళ్లకు చట్టం వచ్చిందన్నారు, హోటళ్లలో అందరూ కూర్చోవచ్చన్నారు. గూడెం పిల్లలు పోయి కూర్చుని వచ్చారు. నేను పెళ్లయి పేట వైపు పోతూ, "రా అయ్యా, ఒకసారి పోదాం" అని అడిగాను. ఆయన సున్నం పగిలిన అరచేతులు చూసుకుంటూ, "నువ్వు పో తల్లీ. నువ్వు కూర్చో" అన్నాడు. నేనూ ఆ పూట పోలేదు.

ఇదీ సంగతి. ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ కడుపు చల్లగా ఉండాలి. మీ ఇంట పొయ్యి ఆరకూడదు, పాడి ఎండకూడదు, పిల్లలు నూరేళ్లు బతకాలి. మీ ఇంట్లో మనిషిని సంతోషపెట్టడానికి ఇంకో మనిషి అబద్ధం ఆడాల్సిన రోజు మీకెన్నడూ రాకూడదు.